మావయ్య చెవి, మిక్సీ గోల

చింటూ, చిన్నీ,

మొన్న వాట్సాప్‌లో తాళం బొమ్మ చూపించి "తాతయ్యా, ఇది ఉంటే మన మెసేజ్‌లు వేరేవాళ్ళెవరూ చదవలేరంట, నిజమేనా?" అని అడిగారు కదా, ఈలోపు అమ్మమ్మ అన్నానికి పిలిచేసింది, సగంలో ఆగిపోయింది, మిగతాది ఇదిగో.

మా చిన్నప్పుడు ట్రంక్ కాల్ అని ఉండేది. బుక్ చేసి గంటలు గంటలు కూర్చుంటే తీరా కలిశాక లైన్లో ఒకటే గరగర. మా నాన్న "సోమవారం వస్తున్నా! సోమవారం! సోమ, సోమ!" అని అరిచేవారు, అవతల వినబడిందో లేదో గానీ మా వీధి వీధంతా వినేది. అసలు చిక్కంతా అక్కడే ఉందర్రా. తప్పు లేకుండా చేరాలంటే చెప్పిందే మళ్ళీ చెప్పాలి, అలా చెప్పేకొద్దీ చాటుగా వినేవాడికి ఇంకా సుఖం.

1948లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసే క్లాడ్ షానన్, లైన్లో గోల ఉన్నా వేగం ఒక హద్దు దాటకుండా పంపితే తప్పుల్ని ఎంత కావాలంటే అంత తగ్గించొచ్చని లెక్క కట్టాడు. 1949లో రహస్యాల మీద ఇంకో పేపరు వేశాడు: ఎవడూ ఎప్పటికీ విప్పలేకుండా ఉండాలంటే తాళంచెవి (అంటే మెసేజ్‌ని గజిబిజి చేసి మళ్ళీ విప్పడానికి వాడే రహస్య అక్షరాల వరస) కూడా మెసేజంత పొడుగుండాలంట, ఒక్కసారే వాడాలంట. 1000 అక్షరాల ఉత్తరానికి 1000 అక్షరాల తాళంచెవి! దాన్ని ముందే చాటుగా చేర్చాలి మళ్ళీ, అదో తలనొప్పి.

1975లో అదే బెల్ ల్యాబ్స్‌లో ఆరన్ వైనర్ అని ఒకాయన, మనం తిట్టుకునే గోలనే తాళంగా వాడేశాడు. ఎలాగంటే, 10 రూపాయి బిళ్ళలు తీసుకోండి. చిన్నీ, నువ్వు చింటూకి "అవును" చెప్పాలంటే బొమ్మలు బేసి లెక్కలో ఉండాలి, "కాదు" అంటే సరి లెక్కలో. 9 బిళ్ళలు ఎగరేసి ఎలా పడితే అలా వరసగా పెట్టేయ్, పదోది మాత్రం లెక్క కుదిరేలా పెట్టి, అన్నీ గట్టిగా చదువు. పక్కగదిలో గోడకి చెవి ఆనించిన మావయ్యకి మిక్సీ గోలలో ఒక్కటంటే ఒక్కటి మిస్సయిందనుకో, మిగతా 9 విన్నా దండగే, అవునో కాదో ఆయనకీ అసలేం వినని వాడికీ ఒకటే తెలివి.

చింటూకి కూడా ఒకటి వినబడకపోతే మరి? అందుకే తప్పులు దిద్దే కోడ్ కూడా కలపాలి. చాటుగా వినే దొంగ లైను మన లైను కంటే అధ్వాన్నంగా ఉన్నంతవరకు తాళంచెవి లేకుండానే, తప్పు లేకుండా చేరడం, రహస్యంగా ఉండడం, రెండు పనులూ జరుగుతాయని వైనర్ చూపించాడు, 1978లో హంగేరీకి చెందిన చిసార్, కోర్నర్ దీన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళారు.

నాకు మింగుడుపడనిది ఒక్కటే, దొంగకి మనకన్నా తక్కువ వినబడుతోందని మనకెలా తెలుస్తుంది? వాడు మంచి మైకు తెచ్చుకుంటే? మీ వాట్సాప్ తాళం అయితే ఈ దారిలో పోలేదు, అది చిన్న తాళంచెవితోనే, కంప్యూటర్లు ఏళ్ళకేళ్ళు కొట్టుకున్నా తేలని లెక్కల మీద నడుస్తుంది.

ఆదివారం వస్తారుగా, బిళ్ళలు నేను తీసి పెడతా. మావయ్యని గోడ దగ్గర కూర్చోబెట్టే పని మీది, మిక్సీ అమ్మమ్మ చూసుకుంటుంది, ఎలాగూ ఆ రోజు ఇడ్లీ చట్నీయే.

మీ తాతయ్య