నాగమణి కాదు బాబూ, పౌడరు! (జింక్ సల్ఫైడ్ మీద అపోహలు - వాస్తవాలు)

పోయిన నెల పాయకరావుపేట వైపు నుంచి ఒకాయన మా ల్యాబ్‌కి వచ్చాడు. తువ్వాల్లో చుట్టిన స్టీలు డబ్బా, అందులో దూది, దూదిలో నిమ్మకాయంత రాయి. తలుపులేసి లైట్లార్పండి బాబూ అన్నాడు, ఆర్పితే పచ్చగా వెలుగుతోంది. "నాగమణండి, పుట్టలో దొరికిందంట, నాలుగు లక్షలకి మాటాడుకున్నాం, రెండిచ్చీసేను" అన్నాడు గొంతు తగ్గించి. వైజాగ్‌లో పదహారేళ్లుగా రాళ్లు టెస్ట్ చేస్తున్నా, ఇలాంటి కేసు నాకు ఏడోదో ఎనిమిదోదో.

అపోహ: చీకట్లో వెలిగితే మణి.

వాస్తవం: పాము తలలో రాయి పుట్టదు, ముందు అది వదిలేయండి. జింకు, గంధకం కలిసిన జింక్ సల్ఫైడ్‌లో రవ్వంత రాగి కలిపి బాగా కాలిస్తే వచ్చే పౌడరు వెలుతురు తాగి, చీకట్లో మెల్లగా కక్కుతుంది, అంతే. దాన్ని రెసిన్‌లో (గట్టిపడే ప్లాస్టిక్ జిగురులో) పోసి ముద్ద చేస్తే మీ నాగమణి రెడీ. అమ్మేవాడు డబ్బా తెరిచే ముందు ఏదో వంకతో టార్చ్ కొడతాడు, కావాలంటే గమనించండి. టెస్టుకి నా దగ్గరికి కూడా రానక్కర్లేదు, బియ్యం డబ్బాలో అడుగున పెట్టి మూడు రోజులు మూత తియ్యకండి, తర్వాత చీకటి గదిలోనే తెరవండి. జింక్ సల్ఫైడ్ అయితే గంటల్లోనే ఆరిపోతుంది, ఇప్పుడొచ్చే స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే వేరే వెలుగు పౌడరు రాత్రంతా లాగుతుంది కాబట్టి మూడు రోజులన్నాను. అలా చూడనివ్వను, శక్తి పోతుంది అని వాడు అడ్డం పడితే మీకు జవాబు దొరికినట్టే. ఇంకోటి, గనిలో సహజంగా దొరికే జింక్ సల్ఫైడ్ రాయి, అంటే మామూలు నల్ల స్ఫాలరైట్, ఇలా వెలగనే వెలగదు, దాంట్లో ఉన్న ఇనుము ఆ వెలుగుని మింగేస్తుంది.

ఆ పాయకరావుపేట ఆయన్నీ ఇలాగే చూడమన్నా. మూడో రోజు ఫోన్ చేశాడు, "ఆరిపోనాదండి" అని. కాసేపాగి "మా ఇంటిదానికి ఏటని చెప్పనండి" అన్నాడు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. రెసిన్ అని రిపోర్టు రాసిచ్చి, అది పట్టుకుని స్టేషన్‌కి వెళ్లమన్నా.

నర్సీపట్నం రంగురాళ్ల పిచ్చితో పారదర్శకంగా ఉండే స్ఫాలరైట్‌ని వజ్రం అనుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల తప్పు కూడా కాదులెండి. పరమాణువుల అమరిక వజ్రంలాంటిదే, కార్బన్ ఉండాల్సిన చోట్ల సగం జింకు, సగం గంధకం, ఒక్కోదాని చుట్టూ అవతలివి నాలుగు. (అదే జింకు, అదే గంధకం, పొరలు వేరేగా పేరిస్తే షట్కోణ వుర్ట్‌జైట్ అనే వేరే ఖనిజం.) సానబెడితే రంగులు విరజిమ్మడంలో వజ్రానికి మూడు రెట్లు పైనే. కానీ గట్టిదనం మోస్ స్కేల్‌పై 3.5 నుంచి 4, వజ్రానిది 10. చాకుతో గీస్తే గీత పడుతుంది, ఆరు దిక్కుల్లో పగులుతుంది, ఉంగరంలో పెట్టుకుంటే మీ ఇష్టం.

పేర్లు చూసి తికమకపడకండి: జింక్ సల్ఫేట్ వరికి వేసేది, జింక్ ఫాస్ఫైడ్ ఎలుకల మందు, సల్ఫైడ్ నీళ్లలో దాదాపు కరగనిది. మూడూ ఒకటి కాదు.

ఇక పిల్లల గదిలో "రేడియం" స్టిక్కర్లు అంటించాం, క్యాన్సర్ వస్తుందా అని భయపడుతూ అడిగే అమ్మలకి: వాటిలో రేడియం లేదమ్మా, పేరు మిగిలిపోయిందంతే. బండి నంబర్ ప్లేట్ మీదదైతే అసలు వెలగదు కూడా, పడిన వెలుతురుని వెనక్కి కొడుతుంది. పాత వాచీల సంగతి వేరు, వాటిలో నిజంగానే రేడియం, జింక్ సల్ఫైడ్ కలిపిన పెయింట్ ఉండేది. రేడియం విసిరే ఆల్ఫా కణం తగిలినప్పుడల్లా జింక్ సల్ఫైడ్‌లో చిన్న మెరుపు, 1909లో భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ దగ్గర గైగర్, మార్స్‌డెన్ చీకట్లో కూర్చుని లెక్కపెట్టింది ఆ మెరుపుల్నే. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు, జింక్ సల్ఫైడ్ మాత్రం ఆ దెబ్బలకి కొన్నేళ్లకే పాడైపోతుంది. మా తాతగారి వాచీ అలాంటిదే, ముళ్లు వెలగడం ఎప్పుడో మానేశాయి, రేడియేషన్ మీటర్ దగ్గర పెడితే మాత్రం కటకటా కొట్టుకుంటుంది. బాగు చేయించరా అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, నేను వెనక మూత తియ్యనివ్వలేదు, కవర్లో చుట్టి ల్యాబ్ బీరువాలో పెట్టా.