వాము ఘాటు కోడి పేగులో ఎంత దూరం పోతుంది?

పొదుగు యంత్రంలో పుట్టిన కోడిపిల్లకు తల్లి ఉండదు. పెట్ట వెంట తిరిగే పిల్ల అయితే తల్లి రెట్టను, అది గీరిన మట్టిని పొడుచుకుంటూ మొదటి రోజే పేగుకు కావలసిన బ్యాక్టీరియాను సంపాదించుకుంటుంది. అట్టపెట్టెలో ఫారానికి వచ్చే పిల్లకు ఆ ఆస్తి లేదు. షెడ్డులో ఊక మీద ఏముంటే అదే ముందు దాని పేగులో కాపురం పెడుతుంది. విశాఖ చుట్టుపక్కల ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ 70 శాతం పైనే. తడిసిన ఊకలో ఇ.కోలై, క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా, కాక్సీడియా అనే పేగు పరాన్నజీవి మూడూ హాయిగా బతుకుతాయి. మేతలో సుగంధ దినుసులు కలపాలనుకునేవారు ముందుగా చూడాల్సింది ఈ మొదటి మూడు వారాలనే.

ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. మన దేశంలో 2019 జులైలో కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించారు. ఆ ఖాళీలోకి వచ్చినవే ఈ దినుసులు. విదేశీ పరిశోధనల్లో ఒరెగానో ఆకు పేరు ఎక్కువగా వినిపిస్తుంది. దాని బలం నూనెలోని కార్వక్రాల్, థైమాల్ అనే ఘాటు పదార్థాలు. ఆ థైమాలే మన వాము గింజలో దండిగా ఉంది. కుండీలో పెంచుకుని బజ్జీలు వేసుకునే వామాకు వేరే మొక్క, వాసన కలిసింది కాబట్టి ఆ పేరు వచ్చింది. మేతకు కావలసింది గింజ.

థైమాల్ నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. బ్యాక్టీరియా కణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో అల్లినదే. థైమాల్ అందులో దూరి పొరను వదులు చేస్తుంది. లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది, శక్తి తయారీ ఆగిపోతుంది. పేగు గోడను కుళ్లబెట్టే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్‌కు ఇ.కోలైలాగా పైన మరో కవచం లేదు, అందుకే తొందరగా లొంగుతుంది. మేలు చేసే లాక్టోబాసిల్లస్‌లు చాలావరకు కాస్త ఎక్కువ మోతాదును తట్టుకుంటాయి. కాస్తే, ఎంత పోసినా కాదు.

కాబట్టి లెక్క కావాలి. మంచి వాములో నూనె 2 నుంచి 4 శాతం, అందులో సుమారు సగం థైమాల్. కిలో మేతకు 5 గ్రాముల వాము వేస్తే, 3 శాతం నూనె చొప్పున 150 మిల్లీగ్రాముల నూనె, అంటే దాదాపు 75 మిల్లీగ్రాముల థైమాల్ అందుతుంది. 10 గ్రాములు వేస్తే థైమాల్ 150 మిల్లీగ్రాములు. ఈ రెండింటి మధ్య ఉండటం మంచిది. 20 గ్రాములు దాటితే ఘాటుకు పిల్లలు మేత తగ్గిస్తాయి, పీచు కూడా పెరుగుతుంది. బ్రాయిలర్ పిల్ల మూడు వారాల్లో తినేది సుమారు 1.2 కిలోలు. అంటే 5 గ్రాముల లెక్కన పిల్లకు 6 గ్రాముల వాము.

ఆ థైమాల్ అంతా పేగు చివరిదాకా పోదు. ఎక్కువ భాగం మెడ కింద మేత నిలిచే సంచి నుంచి చిన్న పేగు మొదటి భాగంలోపే రక్తంలో కలిసిపోతుంది. బ్యాక్టీరియా అత్యంత దట్టంగా ఉండే జంట గుడ్డి పేగులకు చేరేది బహు కొద్ది. కంపెనీలు నూనెను కొవ్వు పొరలో చుట్టి అమ్మేది ఇందుకే. అయితే వాము పొడికి మరో దారి ఉంది. వాము వల్ల పైన అరుగుదల బాగుంటే అరగని మాంసకృత్తులు కిందికి తక్కువగా దిగుతాయి. వాటిని తిని పెరిగే క్లాస్ట్రీడియంకు మేత తగ్గినట్టే.

పేగుకు చేరకముందే వాసన పోగొట్టుకోవడం మాత్రం మన చేతుల్లో జరిగే తప్పు. వామును ఎండలో కాక నీడలో ఆరబెట్టాలి. పొడి కొట్టాక డబ్బాలో గట్టిగా మూతపెట్టి వారం పది రోజుల్లో వాడేయాలి. 100 కిలోల మేతకు 500 గ్రాముల పొడిని ముందు 2 కిలోల సోయా పిండిలో, తర్వాత 10 కిలోల మేతలో, చివరికి మొత్తంలో కలపాలి. నేరుగా గుమ్మరిస్తే ఒక బస్తాలో ఘాటు, మరో బస్తాలో శూన్యం. గుళికల మేత 80 డిగ్రీల ఆవిరిలో తయారవుతుంది, ఆ వేడికి నూనె ఆవిరైపోతుంది. అందుకే పొడి మేతలోనే కలపడం మేలు. విడి నూనెను తాగే నీళ్లలో పోయకూడదు. అది పైన తేలి, గొట్టాల్లో జిడ్డు కట్టి, కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్‌ను మూసేస్తుంది. లాక్టోబాసిల్లస్ పొడిని కూడా ఇస్తున్నవారు దాన్ని అదే మేతలో కాకుండా నీళ్లలో వేరే పూట ఇవ్వాలి.

వెల్లుల్లి పొడి కిలో మేతకు 5 గ్రాములు చాలు. అతిగా వేస్తే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకి సరిగా ఎక్కదు, ఎక్కువ భాగం పేగులోనే ఉండిపోతుంది కాబట్టి ఇక్కడ ఆ లోపమే గుణం. పాడేరు పసుపు దగ్గరే దొరుకుతుంది, రంగు కలిపిన పొడి కొనడం ఎందుకు? కొమ్ములు తెచ్చి ఆడించుకోవాలి.

బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని దినుసులు విరుస్తాయని నమ్ముకోకూడదు. రెట్టలో రక్తం కనిపించినా, కోళ్లు వరసగా చస్తున్నా వాము పెంచుతూ కూర్చోవడం ప్రమాదం. చచ్చిన కోడిని వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి.

ఫలితం తెలియాలంటే ఒకే షెడ్డులో తెర కట్టి, ఒకే రోజు వచ్చిన పిల్లలను వందేసి రెండు భాగాలు చేయండి. ఒకవైపు వాము, మరోవైపు మామూలు మేత. 7, 14, 21, 35 రోజులకు తూకం, తిన్న మేత, చావులు రాయండి. ఊకను పిడికిట్లో నొక్కి ముద్ద కడుతుందో లేదో చూడండి. శుభ్రంగా ఉండే షెడ్డులో తేడా అసలు కనిపించకపోవచ్చు, అణచాల్సిన బ్యాక్టీరియా అక్కడ తక్కువ కదా. తర్వాతి బ్యాచ్‌లో వైపులు మార్చి మళ్లీ చేయండి. లేకపోతే గాలి బాగా తగిలే వైపు కోళ్లు పెరిగింది వాము వల్లే అనుకునే ప్రమాదం ఉంది.