జూలై 4న బ్రిటిష్ వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు: అమెరికా స్వాతంత్ర్య యుద్ధంపై అపోహలు - వాస్తవాలు

సివిల్స్, గ్రూప్-1 రాసేవాళ్లకు ప్రపంచ చరిత్ర చెబుతాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద ప్రశ్న ఇచ్చి పేపర్లు దిద్దడానికి కూర్చుంటే చాలు, ఒకే వాక్యం వరసగా తగులుతుంది: "1776 జూలై 4న బ్రిటిష్ వారు ఓడిపోయి వెళ్లిపోవడంతో అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చింది." నా ఎర్ర పెన్నులు అయిపోతున్నాయి గానీ ఈ వాక్యం పోవడం లేదు. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పాకే నోట్స్ పీడీఎఫ్‌లలో ఇదే ఉంటుంది. ఎవరు రాశారో తెలియదు, ఎవరూ సరిచూడరు.

అపోహ: 1776 జూలై 4తో యుద్ధం ముగిసింది.

ఇది ఎందుకు వస్తుందో నాకు తెలుసు. మనకు స్వాతంత్ర్య దినోత్సవం అంటే ఆగస్టు 15. తెల్లవాళ్ల జెండా దిగిన రోజు. ఆ కొలబద్దే తీసుకెళ్లి అమెరికాకూ పెడుతున్నారు. జూలై 4 అంటే అమెరికాలోని బ్రిటిష్ వలసలు స్వాతంత్ర్య ప్రకటన చేసుకున్న రోజు, అంతే. దాన్ని పోల్చాల్సింది 1947 ఆగస్టు 15తో కాదు, 1930 జనవరి 26తో. లాహోర్ కాంగ్రెస్‌లో పూర్ణ స్వరాజ్యం తీర్మానం అయింది, జనవరి 26న ఊరూరా ప్రతిజ్ఞ చదివారు. మర్నాడు కూడా తెల్ల కలెక్టరు తన కచేరీలో తన కుర్చీలోనే ఉన్నాడు. కాకపోతే అమెరికన్లు ప్రకటించుకున్న రోజు నుంచే తాము స్వతంత్రులమని లెక్క కట్టుకున్నారు, మనం అధికారం చేతికొచ్చిన రోజు నుంచి.

ఇక వాస్తవం. తుపాకులు పేలింది 1775 ఏప్రిల్ 19న, లెక్సింగ్టన్, కాంకర్డ్ దగ్గర. అంటే ప్రకటనకు ఏడాది ముందే యుద్ధం మొదలైంది. పారిస్ ఒప్పందం మీద సంతకాలు పడింది 1783 సెప్టెంబరు 3న. న్యూయార్క్ నుంచి చివరి బ్రిటిష్ దళం ఓడెక్కింది ఆ నవంబరు 25న. జూలై 4 తర్వాత ఏడేళ్లకు పైగా!

ఆ న్యూయార్క్‌నే కాస్త దగ్గరగా చూడండి. 1776 జూలై 9న అమెరికన్ సేనాధిపతి వాషింగ్టన్ తన సైనికులను నిలబెట్టి ప్రకటన చదివించాడు. ఆ సాయంత్రం జనం ఎగబడి బ్రిటన్ రాజు మూడో జార్జి సీసపు విగ్రహాన్ని పడగొట్టారు. ఆ సీసంలో చాలా భాగాన్ని కనెక్టికట్‌కు తరలించి 42,088 తూటాలు పోశారు. ఊళ్లో ఈ సంబరం జరుగుతుంటే, ఎదురుగా స్టాటెన్ ఐలాండ్‌లో బ్రిటిష్ సైన్యం అప్పటికే దిగి కూర్చుంది. ఆగస్టు 27న లాంగ్ ఐలాండ్‌లో వాషింగ్టన్ చిత్తుగా ఓడాడు. సెప్టెంబరులో నగరం పోయింది. నవంబరులో ఫోర్ట్ వాషింగ్టన్‌లో రెండున్నర వేల మందికి పైగా పట్టుబడ్డారు. డిసెంబరులో కాంగ్రెస్, అంటే ఆ వలసల ప్రతినిధుల సభ, మూటాముల్లె సర్దుకుని ఫిలడెల్ఫియా నుంచి బాల్టిమోర్‌కు పరుగెత్తింది. పైగా చాలామంది సైనికుల గడువు డిసెంబరు 31తో తీరిపోతుంది, ఇళ్లకు వెళ్లిపోతారు. అందుకే క్రిస్మస్ రాత్రి, గడ్డకట్టే చలిలో డెలావేర్ నది దాటి ట్రెంటన్‌లో బ్రిటిష్ వాళ్ల జర్మన్ కిరాయి సైనికులైన హెస్సియన్ల మీద పడ్డాడు వాషింగ్టన్. ఆ దాడి ఫలించకపోతే జనవరి నాటికి ఆయన దగ్గర సైన్యమంటూ మిగిలేదో లేదో. స్వాతంత్ర్యం "వచ్చిన" ఏడాది ఎలా గడిచిందో చూశారుగా.

ఈ ఒక్క తప్పు ఎందుకంత ఖరీదైనదంటే, దీనితో జవాబు మొత్తం కూలుతుంది. 1776లోనే అయిపోతే 1778లో ఫ్రాన్స్ ఎందుకొచ్చినట్టు? ఇక్కడ పిల్లలు తడబడి "పాత పగ" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. పగ నిజమే, సప్తవర్ష సంగ్రామంలో ఫ్రాన్స్ కెనడా పోగొట్టుకుంది. కానీ సొంత రాజు మీద అలిగిన ప్రజలతో మరో రాజు బాహాటంగా ఒప్పందం ఎలా చేసుకుంటాడు? ఫ్రాన్స్ మాట ఒకటే: ముందు మీరు వేరే దేశమని చెప్పండి, తర్వాత గెలవగలరని చూపించండి. మొదటిది జూలై 4. రెండోది సారటోగా, 1777 అక్టోబరు 17న బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ సైన్యం మొత్తం లొంగిపోయిన రోజు. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ సంతకం పెట్టింది. తర్వాత స్పెయిన్ దిగింది, డచ్చివాళ్లతోనూ వైరం వచ్చింది. బ్రిటన్ నౌకాదళం వెస్టిండీస్, జిబ్రాల్టర్, హిందూ మహాసముద్రం అంటూ ముక్కలైంది. 1781లో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ ఇరుక్కుపోయి లొంగిపోవడానికి కారణం ఇదే. ఫ్రెంచి అడ్మిరల్ ద గ్రాస్ చెసాపీక్ అఖాతం ముఖద్వారం మూసేశాడు, రావాల్సిన ఓడలు రాలేదు.

"తేదీలు గుర్తుండటం లేదు సార్, టెన్షన్‌గా ఉంది" అని ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది: 1775, 76, 77, 78, 81, 83. ఆరు అంకెలు. ఒకదాని నుంచి ఇంకొకటి ఎలా పుట్టిందో చెప్పగలిగితే రోజులు మర్చిపోయినా ఫర్వాలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

1773లో బోస్టన్ రేవులో నిరసనకారులు సముద్రంలో పారేసింది మన దేశపు టీ అంటారు. కాదు, ఈస్టిండియా కంపెనీ తెచ్చిన చైనా టీ. 1773 నాటికి అస్సాంలో కంపెనీ తోటలే లేవు.

రైతులు చెట్ల చాటు నుంచి కాల్చి గెలిచారంటారు. కొన్నిచోట్ల అలా జరిగింది. కానీ వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో ష్టాయ్‌బెన్ అనే ప్రష్యన్ నేర్పిన కవాతుతో, వరసకట్టి నిలబడి పోరాడిన సైన్యం లేకుండా ఈ యుద్ధం లేదు.

అమెరికన్లంతా ఒక్కటై పోరాడారనేది మరొకటి. దాదాపు 60 వేల మంది రాజభక్తులు యుద్ధం తర్వాత దేశం విడిచి వెళ్లారు. తిరుగుబాటుదారుల బానిసలు తన వైపు వస్తే విముక్తి ఇస్తానని వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ 1775లోనే ప్రకటిస్తే, ప్రాణాలకు తెగించి వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల దృష్టిలో స్వేచ్ఛ ఎటువైపుందో అడగాలి.

ఇక మనకు ఈ యుద్ధంతో సంబంధమే లేదనుకోవడం. ఫ్రాన్స్ రంగంలోకి రాగానే బ్రిటిష్ వాళ్లు 1778లో పుదుచ్చేరి, 1779లో మాహే పట్టుకున్నారు. మాహే తన రక్షణలో ఉందన్న హైదర్ అలీకి ఒళ్లు మండింది, 1780లో రెండో మైసూరు యుద్ధం వచ్చింది. 1783 జూన్‌లో కడలూరు దగ్గర ఇంగ్లిషు, ఫ్రెంచి సైన్యాలు ఇంకా కొట్టుకుంటుండగా ప్రాథమిక సంధి కబురు ఓడలో వచ్చి చేరింది.

మా క్లాసులో కడప అమ్మాయి ఒకరు అడిగింది, యార్క్‌టౌన్ కార్న్‌వాలిస్, శాశ్వత శిస్తు కార్న్‌వాలిస్ ఒక్కరేనా సార్ అని. ఒక్కరేనమ్మా. అక్కడ ఓడినా పరువేం పోలేదు, 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి పంపారు. 1792లో టిప్పు రాజ్యంలో సగం లాక్కుని పంచిందీ ఆయనే. అందులో మీ కడప నిజాం వాటాకు వచ్చింది. 1800లో నిజాం దాన్ని కంపెనీకి రాసిచ్చాడు.