ఓవర్‌టేక్‌కు బటన్ ఎందుకు కావలసి వచ్చింది

ఫార్ములా వన్‌లో 2011 నుంచి 2025 దాకా పదిహేను సీజన్లు నడిచిన డీఆర్ఎస్‌ను 2026 నిబంధనలు తీసేశాయి. దీని పూర్తి పేరు డ్రాగ్ రిడక్షన్ సిస్టమ్. క్రికెట్‌లోని డీఆర్ఎస్‌తో దీనికి సంబంధం లేదు. ముందున్న కారుకు ఒక సెకను దూరంలోకి వచ్చిన డ్రైవర్ నిర్ణీత స్ట్రెయిట్ (మలుపులు లేని తిన్నని దారి) మీద బటన్ నొక్కితే వెనక రెక్కలోని పలక తెరుచుకునేది. గాలి అడ్డు తగ్గేది, వేగం పెరిగేది. ముందున్న డ్రైవర్‌కు మాత్రం, అతను కూడా ఇంకొకరి వెనక సెకను లోపల ఉంటే తప్ప, ఆ అవకాశం ఉండేది కాదు. డీఆర్ఎస్ పోయినా దాని స్థానంలో ఇంకో సాయం వచ్చింది. అందుకే ఇలాంటి సాయాలతో రేసింగ్ బాగుపడుతుందా అన్న వాదన ఆగలేదు.

బటన్లు లేని కాలంలో ఓవర్‌టేక్‌లు లేవా అంటే, ఇటలీలోని మోంజాలో 1971లో జరిగిన రేసు చూడాలి. పీటర్ గెథిన్ 0.01 సెకన్ల తేడాతో గెలిచాడు. మొదటి ఐదు కార్లూ 0.61 సెకన్లలోపే గీత దాటాయి. అప్పటి మోంజాలో షికేన్లు, అంటే వేగం తగ్గించడానికి పెట్టే వంకర మలుపులు, లేవు. ముందు కారు చీల్చిన గాలి వెనక దూరి, వేగం పుంజుకుని, పక్కకు వచ్చి దాటేయడమే పద్ధతి. ప్రతి ట్రాక్‌లోనూ ఇలాగే జరిగేదని కాదు కానీ, వెనకబడటం కూడా ఒక ఆయుధంగా ఉండేది.

ఆ ఆయుధాన్ని మొద్దుబార్చింది రెక్కలే. 1968లో బెల్జియంలోని స్పాలో ఫెరారీ, బ్రాబమ్ రెక్కలున్న కార్లు దింపాయి. అవి కారును నేలకు అదిమి పట్టి మలుపుల్లో వేగం పెంచుతాయి. కానీ వాటి వెనక గాలి చెదిరిపోతుంది. ఆ డర్టీ ఎయిర్‌లోకి వచ్చిన కారుకు డౌన్‌ఫోర్స్ (నేలకు అదిమే బలం) తగ్గుతుంది, ముందు చక్రాలు జారతాయి, టైర్లు వేడెక్కుతాయి. స్ట్రెయిట్ మీద దాటాలంటే దానికి ముందున్న మలుపులో దగ్గరగా ఉండాలి. అక్కడే దగ్గరగా ఉండలేకపోతే, వేగమైన కారు చేతిలో ఉండి కూడా లాభం లేదు. ఏరోడైనమిక్స్ మీద ఖర్చు పెరిగేకొద్దీ ఈ చిక్కూ ముదిరింది.

2009లో మూలానికే మందు వేసే ప్రయత్నం జరిగింది. ఓవర్‌టేకింగ్ వర్కింగ్ గ్రూప్ సిఫార్సులతో ముందు రెక్క వెడల్పయింది, వెనకది సన్నబడి ఎత్తు పెరిగింది. కేఈఆర్ఎస్ అనే విద్యుత్ బూస్ట్ కూడా వచ్చింది: ల్యాప్‌కు సుమారు 6.6 సెకన్లపాటు 60 కిలోవాట్లు. అయితే బ్రాన్, టొయోటా, విలియమ్స్ జట్లు తెచ్చిన డబుల్ డిఫ్యూజర్ (కారు వెనక అడుగున గాలిని మళ్లించే భాగం), తీసేసిన డౌన్‌ఫోర్స్‌లో చాలా భాగాన్ని తిరిగి తెచ్చేసింది.

తర్వాతి ఏడాది అబుదాబిలో జరిగింది ఫెరారీ అభిమానులు ఇంకా మర్చిపోలేదు. చివరి రేసుకు ఫెర్నాండో అలోన్సో 8 పాయింట్ల ఆధిక్యంతో వచ్చాడు. టైటిల్ పోటీలో ఉన్న మార్క్ వెబర్‌ను అడ్డుకోవాలని అతన్ని టైర్ల మార్పుకు త్వరగా పిట్‌లోకి పిలిచారు. బయటికి వచ్చేసరికి ఎదురుగా రెనో కారులో విటాలీ పెట్రోవ్. మిగిలిన రేసంతా అతని వెనకే గడిచింది. అలోన్సో ఏడో స్థానంలో ముగించాడు, ఛాంపియన్‌షిప్ 4 పాయింట్ల తేడాతో సెబాస్టియన్ వెటెల్‌కు పోయింది. డీఆర్ఎస్ ఈ రేసు వల్లే వచ్చిందని చాలామంది చెబుతారు. నిజానికి క్రీడను నియంత్రించే ఎఫ్ఐఏ దాన్ని 2010 జూన్‌లోనే ఆమోదించింది. అబుదాబి ఆ నిర్ణయం సరైనదే అనిపించేలా చేసిందంతే.

2011లో ఓవర్‌టేక్‌లు బాగా పెరిగాయి. ఆ ఘనతంతా రెక్కదే అనలేం. త్వరగా అరిగిపోయే పిరెల్లీ టైర్లు అదే ఏడాది వచ్చాయి, కేఈఆర్ఎస్ తిరిగి వచ్చింది. డీఆర్ఎస్‌కు న్యాయంగా దక్కాల్సిన మెప్పు ఒకటుంది: వేగమైన కారు రేసంతా ఇరుక్కుపోయే దుస్థితి తగ్గింది. కానీ డీఆర్ఎస్ వాడే జోన్ పొడవుగా ఉన్నచోట బ్రేకింగ్ దాకా రాకముందే దాటేయడం మొదలైంది. చివరి క్షణం దాకా బ్రేక్ వేయకుండా లోపలి లైన్‌లోకి దూకే డ్రైవర్ తెగువను చూడటానికే మనం కూర్చుంటాం. స్ట్రెయిట్ మధ్యలో, ఎదురు చెప్పే దారి లేని కారును దాటడం లెక్కలో ఓవర్‌టేకే, నా దృష్టిలో పోరాటం కాదు.

డ్రైవర్లు దీన్ని మెలితిప్పి వాడటమూ నేర్చారు. 2022లో జెద్దాలో లెక్లెర్క్, వెర్స్టాపెన్ చివరి మలుపు ముందు ఎవరికి వారు ఎదుటివాడి వెనకే ఉండాలని బ్రేకులు వేసుకున్నారు. ముందుంటే నష్టం, వెనకుంటే లాభం మరి! 2023 సింగపూర్‌లో కార్లోస్ సైంజ్ కావాలనే నెమ్మదించి లాండో నోరిస్‌ను సెకను లోపల ఉంచుకున్నాడు. నోరిస్‌కు డీఆర్ఎస్ దొరకడంతో, కొత్త టైర్లతో తరుముకొస్తున్న రెండు మెర్సిడెస్‌లు అతన్ని దాటలేకపోయాయి. సైంజ్ గెలిచాడు. అద్భుతమైన బుర్ర అది. కానీ దాటించడానికి పెట్టిన సాధనం దాటనివ్వకుండా కాపాడింది. వరుసగా అందరికీ డీఆర్ఎస్ ఉంటే ఎవరూ కదలలేని 'డీఆర్ఎస్ ట్రైన్' కూడా ఇలాంటిదే.

మిగతా సిరీస్‌లు వేరే దారి పట్టాయి. అమెరికాలోని ఇండీకార్ రోడ్, స్ట్రీట్ సర్క్యూట్లలో పుష్-టు-పాస్ అనే అదనపు శక్తి బటన్ ఇస్తుంది. రేసుకు ఇన్ని సెకన్లని కోటా ఉంటుంది, తరిమేవాడూ కాచుకునేవాడూ వాడుకోవచ్చు. విద్యుత్ కార్ల సిరీస్ 'ఫార్ములా ఈ' తన అటాక్ మోడ్ అనే అదనపు శక్తికి ధర పెట్టింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన రేసులో, అదనపు 50 కిలోవాట్లు కావాలంటే రేసింగ్ లైన్ వదిలి పక్కకు పోయి రావాలి. అంటే ముందు కొంత సమయం పోగొట్టుకోవాలి. చివర్లో నిక్ క్యాసిడీని అర సెకను కూడా లేని దూరంలో ఆపి జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. అది చూసినవాళ్లకు కాచుకోవడంలోని ఉత్కంఠ వేరే చెప్పక్కర్లేదు.

ఫార్ములా వన్ 2022లో మళ్లీ మూలానికి వెళ్లింది. అప్పటి లెక్కల ప్రకారం ముందు కారుకు 10 మీటర్ల వెనక ఉన్న పాత కారు 46 శాతం డౌన్‌ఫోర్స్ పోగొట్టుకునేది. కొత్త డిజైన్‌లో అది 18 శాతం. మొదట్లో తేడా కనిపించింది. జట్లు కార్లకు పదును పెట్టేకొద్దీ డర్టీ ఎయిర్ మళ్లీ పెరిగింది.

2026లో స్ట్రెయిట్‌ల మీద రెక్కలు తెరుచుకునే సౌకర్యం అన్ని కార్లకూ ఉంది. వెనకున్నవాడికి ప్రత్యేకంగా దక్కేది విద్యుత్ శక్తి. 2024లో ప్రకటించిన రూపంలో చూస్తే, ముందు కారుకు గంటకు 290 కిలోమీటర్లు దాటాక విద్యుత్ సాయం తగ్గుతూ పోతుంది, వెనక కారుకు 337 దాకా పూర్తిగా 350 కిలోవాట్లు అందుతాయి. డీఆర్ఎస్ కన్నా ఇది నాకు నచ్చుతోంది, ఎందుకంటే ఆ శక్తి బ్యాటరీ నుంచి రావాలి. ఇక్కడ ఖర్చు చేస్తే తర్వాతి చోట కొరత పడొచ్చు. ముందున్నవాడు కూడా తన బ్యాటరీని దాచుకుని ఎదురు నిలబడొచ్చు.