20 వేల డాలర్ల ట్రక్కు ఎక్కడికి పోయింది?

అమెరికాలో పికప్ ట్రక్కుల (వెనక సామాను వేసుకునే తొట్టి ఉండే బండ్ల) ధరల మీద వాదన మళ్లీ రాజుకుంది. 2025 సెప్టెంబరులో కొత్త బండి సగటు అమ్మకపు ధర తొలిసారి 50 వేల డాలర్లు దాటింది. డిసెంబరులో ట్రంప్ ప్రభుత్వం మైలేజీ నిబంధనలను బాగా సడలించే ప్రతిపాదన పెట్టి, ధరలు దిగడానికి ఇదే మందు అంది. కంపెనీలేమో ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన దిగుమతి సుంకాలను చూపిస్తున్నాయి. ఈ రెండు వాదనల మధ్య నలుగుతున్నది మిడ్‌సైజ్ పికప్. ఫుల్‌సైజ్ ట్రక్కు కొనే స్థోమత లేనివాళ్లు, అంత పెద్ద బండి అక్కర్లేదనుకునేవాళ్లు చూసే తరగతి ఇది. ఇప్పుడు ఇందులో టయోటా టకోమా టాప్ మోడల్ 65 వేలు దాటింది. ఫోర్డ్ రేంజర్‌లో అన్నిటికంటే చవక రకం కావాలన్నా, 2024 మోడల్ నుంచి డెలివరీ ఛార్జీతో కలిపి 34 వేల పైమాటే.

ఇందులో మొదట చెప్పుకోవాల్సింది చికెన్ ట్యాక్స్ కథ. యూరప్ వాళ్లు అమెరికా కోళ్ల మీద సుంకం వేశారని 1964లో అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం విదేశీ లైట్ ట్రక్కుల మీద 25 శాతం వేసింది. కోళ్ల గొడవ సద్దుమణిగింది, ట్రక్కుల మీది సుంకం మాత్రం అలాగే ఉండిపోయింది. చవక విదేశీ ట్రక్కుకు అదో అడ్డుగోడ అన్నమాట నిజమే. కానీ ఆ గోడ ఉండగానే అమెరికాలో తయారైన చిన్న ట్రక్కులు లక్షల్లో అమ్ముడయ్యాయి. 1999లో ఒక్క ఫోర్డ్ రేంజరే దాదాపు 3.48 లక్షలు పోయింది. ఇప్పటి ధరలు అర్థం కావాలంటే 2011 దగ్గర ఆగాలి.

ఆ ఏడాది డిసెంబరులో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ ఫ్యాక్టరీ మూతపడింది. రేంజర్ తయారయ్యేది అక్కడే. చివరి బండి ఆర్కిన్ అనే కంపెనీకి వెళ్లింది. ఇళ్లకు వచ్చి చెదలకు, బొద్దింకలకు మందు కొట్టే కంపెనీ అది. ఆ ట్రక్కు ఎవరి పనిబండో తెలియడానికి ఈ ఒక్క వివరం చాలు. అదే ఏడాది క్రిస్లర్ కంపెనీ వాళ్ల డాడ్జ్ డకోటా ఆగిపోయింది. 2012 ఆగస్టులో జనరల్ మోటార్స్ (జీఎం) లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ ప్లాంటు మూసేసి, అప్పటి షెవర్లే కొలరాడోకీ జీఎంసీ కాన్యన్‌కీ మంగళం పాడింది. ఇలా ఏడాది తిరిగేసరికి అమెరికా పెద్ద కంపెనీలు మూడూ ఈ తరగతిని ఖాళీ చేసి వెళ్లిపోయాయి.

కొనేవాళ్లు తగ్గారన్నది అప్పటి వివరణ. పదేళ్లుగా అమ్మకాలు పడిపోతున్న మాట వాస్తవమే. అయితే 1998 తర్వాత రేంజర్‌కి చెప్పుకోదగ్గ మార్పులే చేయలేదు. పదమూడేళ్లు అదే బండిని షోరూంలో నిలబెట్టి, జనం రావట్లేదు అంటే ఎలా? అయినా చివరి ఏడాది 70 వేలకు పైగా అమ్ముడయ్యాయి, అంతకుముందు ఏడాది కంటే ఎక్కువే. ధర 18 వేల చుట్టుపక్కల మొదలయ్యేది. ద్రవ్యోల్బణం కలిపితే ఇప్పటి డాలర్లలో సుమారు 26 వేలు.

మూసేసే నాటికి ఫోర్డ్ చేతిలో కొత్త రేంజర్ లేకపోలేదు. ఆస్ట్రేలియాలో డిజైన్ చేసిన కొత్త తరం రేంజర్‌ను 2010లోనే ప్రపంచానికి చూపించారు. దాన్ని అమెరికాకు ఎందుకు తేవట్లేదని అడిగితే, సైజులో అది తమ ఫుల్‌సైజ్ ట్రక్కు ఎఫ్-150కి 90 శాతం ఉంటుందని, అంత దగ్గరి బండ్లు రెండు ఒకే చోట అనవసరమని చెప్పారు. చవకగా తిరగాలనుకునేవాళ్లు ఫియస్టా కారు కొంటారు, ట్రక్కే కావాలంటే వీ6 ఇంజిన్ ఎఫ్-150 ఉండనే ఉంది అన్నది లెక్క. (ఆ ఫియస్టాని కూడా 2019లో అమెరికా నుంచి తీసేశారు.) ఎఫ్-150 ఉండే ఎఫ్-సిరీస్ ఫోర్డ్‌కి లాభాల గని. దాని పక్కన, దానికి దగ్గరి ధరలో ఇంకో ట్రక్కు పెట్టి సొంత గనికే గండి కొట్టుకోవడం ఇష్టం లేదని తేలిగ్గానే అర్థమవుతుంది. తమాషా ఏంటంటే, అమెరికాకు మరీ పెద్దదన్న ఆ రేంజర్‌నే కాస్త మెరుగులు దిద్ది 2019లో తీసుకొచ్చి మిడ్‌సైజ్ పేరుతో అమ్మారు. డెలివరీ ఛార్జీ కాకుండా 24,300 డాలర్ల నుంచి. పోయింది చిన్న ట్రక్కు, తిరిగొచ్చింది వేరే బండి.

మధ్యలో రేంజర్ లేని ఆ ఏడేళ్లూ టయోటా పంట పండింది. 2013లో టకోమా సుమారు 1.6 లక్షలు అమ్ముడైంది. ఎదురుగా నిలబడ్డది ముఖ్యంగా నిస్సాన్ ఫ్రాంటియర్. అది 2005 నాటి రూపంతోనే 2021 దాకా లాక్కొచ్చింది. పోటీ లేనప్పుడు ధర తగ్గించే అవసరం ఎవరికుంటుంది? ఈ తరగతిలోనూ జనం ఎక్కువ డబ్బు పెడతారని కంపెనీలకు అర్థమైంది అప్పుడే.

2014 చివర్లో జీఎం తిరిగొచ్చింది. కొత్త కొలరాడో ధర డెలివరీతో కలిపి 20,995 నుంచి. 2023 మోడల్‌కి వచ్చేసరికి అది 30,695 అయింది. ఎనిమిదేళ్లలో దాదాపు పది వేలు. ఇంజిన్, సేఫ్టీ, తెరలు, ఇవన్నీ మెరుగైన మాట నిజమే. కానీ ఆ సంవత్సరమే ఇంకో పని కూడా చేశారు: వెనక చిన్న సీట్లుండే ఎక్స్‌టెండెడ్ క్యాబ్‌నీ (క్యాబ్ అంటే మనుషులు కూర్చునే భాగం), పొడుగు బెడ్‌నీ (వెనక తొట్టి) తీసేసి, నాలుగు తలుపుల క్రూ క్యాబ్ ఒక్కటే మిగిల్చారు. మెట్ల వరసలో కింది మెట్టు పీకేస్తే మొదటి మెట్టు ఎత్తు దానంతట అదే పెరుగుతుంది. 2024లో రేంజర్‌దీ అదే దారి. జీప్ గ్లాడియేటర్‌కి మొదట్నుంచీ నాలుగు తలుపులే. చిన్న క్యాబ్ కావాలంటే ఇప్పుడు టకోమా ఎక్స్‌ట్రాక్యాబ్, ఫ్రాంటియర్ కింగ్ క్యాబ్, అంతే.

మైలేజీ నిబంధనల వాదన కూడా చెప్పుకోవాలి. 2011 మోడల్స్ నుంచి లక్ష్యాన్ని బండి ఫుట్‌ప్రింట్‌తో, అంటే నాలుగు చక్రాల మధ్య విస్తీర్ణంతో ముడిపెట్టారు. బండి చిన్నదైతే లక్ష్యం కఠినం, పెద్దదైతే సులువు. అందుకే ట్రక్కులు సైజులో పెరిగాయన్నది కంపెనీల వైపు మాట, ఇందులో కొంత నిజం ఉంది. కానీ రేంజర్ పతనం ఈ రూలు రాకముందే మొదలైంది.

ఆ వాదనకు గట్టి జవాబు ఫోర్డ్ నుంచే వచ్చింది. 2021లో మావెరిక్ అనే చిన్న ట్రక్కు తెచ్చింది. ఫుట్‌ప్రింట్ రూలు ఉంది, చికెన్ ట్యాక్స్ ఉంది. అయినా డెలివరీ కాకుండా 19,995 డాలర్లకి, హైబ్రిడ్ ఇంజిన్‌తో అమ్మగలిగింది. తయారీ అమెరికాతో వాణిజ్య ఒప్పందం ఉన్న మెక్సికోలో, ఎర్మోసియోలో కాబట్టి చికెన్ ట్యాక్స్ తగల్లేదు, హైబ్రిడ్ కాబట్టి మైలేజీ టెన్షన్ లేదు. జనం ఎగబడ్డారు. 2022 సెప్టెంబరులో 2023 మోడల్‌కి బుకింగ్స్ తెరిస్తే వారం తిరక్కుండానే ఆపేయాల్సి వచ్చింది. చవక ట్రక్కు కొనేవాళ్లు లేరన్న 2011 మాట ఏమైనట్టు?

తర్వాత జరిగింది అందరూ ఊహించేదే. ఏటా ధర పెరిగింది. 2024 మోడల్‌లో హైబ్రిడ్ ఇంజిన్‌ని అదనంగా 1,500 డాలర్లు కడితే వచ్చేదిగా మార్చారు. 2025 మోడల్ ధర 26,295 నుంచి మొదలైంది. అంటే 31 శాతానికి పైగా పెంపు. ఇదే కాలంలో దేశంలో మొత్తం ధరలు పెరిగింది దాదాపు 17 శాతం. ఇదంతా కొత్త సుంకాలకు ముందే. 2025 ఏప్రిల్ 3న 25 శాతం సుంకం అమల్లోకి వచ్చాక, మెక్సికోలో తయారయ్యే మూడు మోడల్స్ మీద 2,000 డాలర్ల దాకా పెంచుతున్నట్టు మేలో ఫోర్డ్ చెప్పింది, వాటిలో మావెరిక్ ఒకటి. ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం కిందికి వచ్చే బండ్ల మీద సుంకం పడేది అమెరికాది కాని భాగానికే. సుంకం భారం లేదని కాదు. 19,995 నుంచి 26,295 దాకా వచ్చిన 6,300లో దాని వాటా సున్నా.

అమ్మకాల అంకెలు చూస్తే ఈ కథ ఇంకాస్త తేటపడుతుంది. రేంజర్ 2020లో లక్ష దాటింది, 2024లో 46 వేల దగ్గర ఆగింది. గ్లాడియేటర్ 2021లో దాదాపు 90 వేలు, 2024కి సగం కంటే తక్కువ. 2024లో టకోమా కూడా 1.93 లక్షలకు పడింది, అయితే అది ఎక్కువగా కొత్త తరానికి మారే గందరగోళం వల్ల. అదే 2024లో మావెరిక్ 1.31 లక్షలు అమ్ముడైంది. ఒకే షోరూంలో పక్కపక్కన ఉండే రేంజర్‌కి దాదాపు మూడింతలు.

డిసెంబరు ప్రతిపాదన ప్రకారం 2031 నాటికి గాలన్‌కి సుమారు 50 మైళ్లు ఉండాల్సిన సగటు లక్ష్యం 34.5కి దిగుతుంది. నిజానికి లక్ష్యం తప్పితే కట్టాల్సిన జరిమానాని 2025 జులైలో సంతకమైన చట్టమే సున్నా చేసేసింది. కొత్త బండి డిజైన్‌కి ఏళ్లు పడుతుంది కాబట్టి దాని ఫలితం ఇప్పుడే చూడమనడం అన్యాయం. ప్రస్తుతానికి చవక ట్రక్కు గురించి వినిపిస్తున్న కబుర్లు రెండు. ఒకటి స్లేట్, రెండు సీట్ల ఎలక్ట్రిక్ ట్రక్కు. 2025 ఏప్రిల్‌లో 20 వేల లోపు అన్నారు, కానీ ఆ లెక్కలో 7,500 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ కలిసి ఉంది. సెప్టెంబరు 30తో ఆ రాయితీ పోయింది. రెండోది మళ్లీ ఫోర్డ్‌దే: 2027లో కెంటకీలోని లూయీవిల్ నుంచి రానున్న మిడ్‌సైజ్ ఎలక్ట్రిక్ పికప్. చెబుతున్న ధర సుమారు 30 వేల డాలర్లు, తలుపులు నాలుగు.