గుంటూరు గ్రహణం, హీలియం, రెండు ఉత్తరాలు: అపోహలు - వాస్తవాలు

1868 సంపూర్ణ సూర్యగ్రహణం జరిగిన ఆగస్టు 18 వచ్చిందంటే చాలు, ‘హీలియం పుట్టింది మన గుంటూరులోనే’ అన్న మెసేజ్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. అది చదివిన పిల్లలు పరీక్షలోనూ అదే రాస్తారు. ఆ గ్రహణాన్ని గుంటూరులో చూసిన ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్, ఇంగ్లండ్ ఖగోళవేత్త నార్మన్ లాకియర్ రాసిన ఉత్తరాల గురించి మాట కదిలినప్పుడల్లా ముందు దీన్నే సరిదిద్దాల్సి వస్తోంది.

అపోహ: 1868 గ్రహణంలో జాన్సెన్ హీలియం గీతను గుర్తించి పారిస్‌కు ఉత్తరం రాశారు.

వాస్తవం: ఆ గీతను గుర్తించలేదు. ఉత్తరం రాశారు గానీ అందులో హీలియం మాట లేదు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో, అంటే ప్రామినెన్సుల్లో, స్పెక్ట్రోస్కోపుతో, అంటే వెలుగును రంగులుగా విడదీసే పరికరంతో, ఆయన చూసింది మెరిసే గీతలను. వాటిలో ఎరుపు సి, నీలం ఎఫ్ గీతలు హైడ్రోజన్‌వి. అవి ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా కనబడతాయని ఆయనకు తోచింది. మర్నాడు, ఆగస్టు 19న, పట్టపగలే చూశారు. అందులోని కిటుకు ఇది: పరికరానికుండే సన్నని చీలికను సూర్యుడి అంచు పక్కన నిలిపితే ఆకాశపు వెలుగూ జ్వాల వెలుగూ కలిసే లోపలికొస్తాయి. ఆకాశపు వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కనుక పట్టకాలు పరిచేకొద్దీ పలచబడుతుంది. జ్వాల వెలుగు కొన్ని గీతలే కనుక ఎంత పరిచినా గీతగానే నిలుస్తుంది. పట్టకాలు చాలకపోతే ఆకాశపు వెలుగు గీతల్ని మింగేస్తుంది.

మరి హీలియందైన పసుపు గీత? ఆ రోజు దాన్ని చూసినవాళ్లున్నారు. గుంటూరులోనే ఉన్న మేజర్ టెనంట్, జమఖండిలో ఉన్న లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్ దాన్ని సోడియం ఇచ్చే పసుపు గీతగానే, అంటే డి గీతగానే, లెక్కేశారు. వాళ్లను తప్పుపట్టలేం. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉంటుంది. గ్రహణపు కొద్ది నిమిషాల్లో, చిన్న పరికరంతో ఆ తేడా పట్టడం కష్టం.

అక్టోబర్ 20న ఇంగ్లండ్‌లో గ్రహణం లేకుండానే ఇలా చూసి లాకియర్ పంపిన తొలి కబురులోనూ ‘డి దగ్గర’ అనే ఉంది. తీరిగ్గా పోల్చి చూశాకే అది డి కన్నా నీలం వైపు జరిగి ఉందని తేల్చారు. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ప్రయోగశాలలో హైడ్రోజన్‌ను ఎన్ని రకాలుగా వెలిగించినా ఆ గీత రాలేదు. హీలియం పేరు సభలో వినబడింది 1871లో, ఎడింబరోలో భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ ప్రసంగంలో. భూమ్మీద దొరికింది 1895లో, రసాయన శాస్త్రవేత్త రామ్జే క్లీవైట్ అనే ఖనిజాన్ని ఆమ్లంతో కరిగించినప్పుడు.

గుంటూరుకు పేరు పోతుందేమోనని మథనపడే మాస్టార్లకు ఒక మాట: గ్రహణం కోసం ఏళ్లు ఎదురుచూడకుండా ప్రామినెన్సులను ఏ రోజుకారోజు చూడటం మొదలైంది అక్కడే. అది చిన్న సంగతి కాదు.

అపోహ: జాన్సెన్, లాకియర్ ఉత్తరాలు పారిస్‌కు ఒకేరోజు చేరాయంటే ఇద్దరూ ఒకేసారి కనుక్కున్నట్టే.

వాస్తవం: జాన్సెన్ చూసింది ఆగస్టు 19న. కాకినాడ నుంచి రాసింది సెప్టెంబర్ 19న. అప్పటికి సూయజ్ కాలువ తెరవలేదు. టపా ఓడ దిగి, ఈజిప్టులో రైలెక్కి, మళ్లీ ఓడెక్కేది. గ్రహణం లేకుండా చూసే ఈ పద్ధతిని లాకియర్ 1866లోనే సూచించారు గానీ పరికరం చేతికొచ్చింది 1868 అక్టోబర్ 16న. రెండు ఉత్తరాలూ పారిస్ సైన్సు అకాడమీ ముందుకొచ్చింది అక్టోబర్ 26న. చూసిన తేదీ, రాసిన తేదీ, చేరిన తేదీ, చదివిన తేదీ: ఈ నాలుగింటినీ విడివిడిగా రాసుకోకపోతే ఎంతటివాళ్లైనా పొరబడతారు. ఊరి సంగతీ అంతే. అకాడమీ అచ్చువేసిన శీర్షికలో కాకినాడ అని ఉంది. అది ఉత్తరం బయల్దేరిన ఊరు. చూసింది మాత్రం గుంటూరులో.

అపోహ: 1872 ఫ్రెంచి పతకం హీలియం కోసం ఇచ్చారు.

వాస్తవం: దాని మీద జాన్సెన్, లాకియర్ ఇద్దరి బొమ్మలూ ఉన్నాయి. అది ఇచ్చింది ప్రామినెన్సుల విశ్లేషణకు.

అపోహ: లాకియర్ కాగితాలు ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి కదా, ఆయన రాసినవన్నీ అక్కడే దొరుకుతాయి.

వాస్తవం: ఎవరి పెట్టెలోనైనా ఎక్కువగా ఉండేవి వాళ్లకు వచ్చిన ఉత్తరాలే. ఆయన రాసినవి కావాలంటే అందుకున్నవారి కాగితాల్లో వెతకాలి. 1869 నుంచి యాభై ఏళ్లు నేచర్ పత్రిక సంపాదకుడు కావడంతో పత్రిక పనీ ఖగోళమూ కలగలిసి ఉంటాయి. కవి టెన్నిసన్‌తోనూ ఆయనకు స్నేహం ఉండేది. కాబట్టి సాహిత్యం, సైన్సు అని ముందే కట్టలు విడదీయకండి. సంవత్సరం లేని ఉత్తరంలో వారం పేరుంటే పాత క్యాలెండర్‌తో సరిచూడండి. 1868లో ఆగస్టు 18, అక్టోబర్ 20 రెండూ మంగళవారాలు. అకాడమీ కూర్చున్న అక్టోబర్ 26 సోమవారం.