ఒకే చోక్, రెండు రకాల ఓంలు

విజయవాడ గవర్నర్‌పేటలో ఏ ఎలక్ట్రికల్ షాపుకెళ్లినా ఇప్పుడు ఎల్‌ఈడీలే అంటగడతారు. ఇంట్లో పాత 40 వాట్ల ట్యూబ్‌లైట్ రాగి చోక్ (కరెంటును అదుపు చేసే తీగచుట్ట) పడి ఉంటే మాత్రం పాతసామాన్లకు వేసేయకండి. ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డు) లెక్క పట్టుబడాలంటే దాన్ని మించింది లేదు.

మల్టీమీటర్‌తో చూస్తే 40 ఓంలు వచ్చిందనుకుందాం. అది డీసీ లెక్క, అంటే తీగ రెసిస్టెన్స్ ఒక్కటే. ఇప్పుడు చోక్‌ను ఒక్కదాన్నే వేరియాక్‌కు (వోల్టేజీని కావలసినంతకు మార్చే ట్రాన్స్‌ఫార్మర్) కలిపి, కరెంటు 0.43 ఆంపియర్లకు చేరేదాకా వోల్టేజీ మెల్లగా పెంచండి. నేరుగా 230కి తగిలిస్తే మితిమీరిన కరెంటు లాగి మాడుతుంది. ఇంకోమాట, వేరియాక్ మెయిన్స్ నుంచి విడిగా ఉండదు. ఎంత తగ్గించి పెట్టినా షాక్ షాకే.

172 వోల్టుల దగ్గర ఆగారనుకోండి. 172ను 0.43తో భాగిస్తే 400 ఓంలు. ఇదే ఇంపీడెన్స్. వాట్‌మీటర్ 10.3 చూపితే, దాన్ని వోల్టులూ ఆంపియర్ల లబ్ధం 73.96తో భాగించండి: 0.139. దీన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. అది కాస్ విలువయ్యే కోణం 82°. ఈ కోణంతో 400 ఓంలను రెండుగా విడదీయొచ్చు: శక్తిని వేడిగా పోగొట్టే రెసిస్టెన్స్, చుట్ట అయస్కాంతత్వం వల్ల వచ్చే రియాక్టెన్స్.

రెసిస్టెన్స్ = 400 × కాస్ 82° = 55.7 ఓంలు
రియాక్టెన్స్ = 400 × సైన్ 82° = 396 ఓంలు

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 396ను 314తో (2π × 50) భాగిస్తే ఇండక్టెన్స్ (కరెంటు మార్పును చుట్ట ఎదిరించే గుణం) 1.26 హెన్రీలు.

మల్టీమీటర్ 40 అన్నది 55.7 ఎలా అయింది? తీగ వేడెక్కి కొంత పెరుగుతుంది. మిగతాది చోక్ లోపలి ఇనుప రేకుల్లో పోయే శక్తి. అది కూడా వేడిగానే పోతుంది కాబట్టి లెక్కలో రెసిస్టెన్స్‌గానే తేలుతుంది.

కోణం ఒక్క డిగ్రీ తప్పి 83° అనుకున్నారా, రియాక్టెన్స్ 397 అవుతుంది, పట్టించుకోనక్కర్లేదు. రెసిస్టెన్స్ మాత్రం 48.7కి పడిపోతుంది! 90°కి దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా ముదురుతుంది.

క్యాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే మరీ మోసం. రెసిస్టెన్స్ 380, రియాక్టెన్స్ 125 వస్తాయి. రెండిటి వర్గాలు కూడితే చక్కగా 400 వర్గమే! అంటే సరిచూసుకున్నా తప్పు దొరకదు. ముందుగా కాస్ 60 నొక్కి, 0.5 వచ్చాకే లెక్క మొదలుపెట్టండి.

వైరు చుట్టూ దవడ వేసి కరెంటు కొలిచే పెద్ద రేంజి క్లాంప్‌మీటర్ 0.43ను సరిగా చదవలేదు. వైరును దాని దవడలోంచి పదిసార్లు చుట్టి, రీడింగును పదితో భాగించండి. రెసిస్టెన్స్ ఒక్కటే కావాలంటే కోణం జోలికే పోనక్కర్లేదు: వాట్లను కరెంటు వర్గంతో భాగిస్తే చాలు. కాకపోతే పవర్ ఫ్యాక్టర్ 0.14 దగ్గర మామూలు వాట్‌మీటర్ ముల్లు సున్నా పక్కనే వణుకుతుంటుంది. పాలిటెక్నిక్ ల్యాబుల్లో తక్కువ పవర్ ఫ్యాక్టర్ వాట్‌మీటర్ అని విడిగా ఉండేది ఇందుకే.